ఫోను పెట్టేశాక మిగిలే దిగులు

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. పెళ్ళయిన తరువాత నేను అమెరికా వచ్చి డాలస్‌లో ఉంటున్నాను. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. నాన్నగారు పోయాక ఊళ్ళో ఒక్కతే ఉన్న అమ్మ (78 ఏళ్ళు) రెండేళ్ళ క్రితం జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయినా మనిషి సాయం లేనిదే లేవలేకపోవడంతో విజయనగరం శివార్లలో నర్సులుండే వృద్ధాశ్రమంలో చేర్పించాం. ప్రతి ఆదివారం మాకు ఉదయం ఎనిమిదిన్నరకు, అంటే అక్కడ సాయంత్రం ఏడింటికి, వీడియో కాల్ చేస్తాను. ఆయా ఫోను పట్టుకుంటుంది. “బాగున్నానే అమ్మా, నువ్వు తిన్నావేటి, పిల్లడు తిన్నాడేటి” అంటుంది అమ్మ. నేను మందుల సంగతి అడుగుతాను. పది నిమిషాల్లో అయిపోతుంది. కాల్ అయిన రాత్రి అమ్మ అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంటోందని కిందటి నెల నర్సు చెప్పింది. “చూపించి ఏడిపించడమెందుకు, తగ్గించెయ్” అంటున్నాడు తమ్ముడు. నాకేమో ఒక ట్యాబ్ కొనిచ్చి రోజూ మాట్లాడాలని ఉంది. కన్నబిడ్డలుండి ఆశ్రమంలో పడేశారని ఊళ్ళో బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక కూతురు, డాలస్

సమాధానం: మీ తమ్ముడు చెప్పినట్లు కాల్స్ తగ్గించవద్దు. మీరనుకుంటున్నట్లు ట్యాబ్ కొని రోజూ చేయడం కూడా ఇప్పుడే మొదలుపెట్టవద్దు. ఈ రెండింటికంటే ముందు చూసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం విజయనగరంలోనే జరగవలసినవి, వీడియోతో సంబంధం లేనివి.

మొదట ఆ వేళ సంగతి ఆలోచించండి. శ్రీకాకుళంలో ఒక వృద్ధాశ్రమానికి నేను కొన్నేళ్ళుగా వారం వారం వెళ్తున్నాను. సాయంత్రం ఏడయ్యేసరికి అక్కడ పగటి సందడి అంతా అణిగిపోతుంది. పగటి ఆయాలు ఇళ్ళకు వెళ్ళిపోతారు, వరండాలో కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినే మంచాల దగ్గరికి చేరుస్తారు, ఆ తరువాత తెల్లవారేవరకు చెప్పుకోవడానికి మనిషి ఉండదు. ఆ వేళకు మీ ముఖం, మనవడి ముఖం పది నిమిషాలు కనిపించి మాయమైతే, ఆ పది నిమిషాలలో కదిలినదంతా మనసులో పెట్టుకొని ఆవిడ ఒంటరిగా చీకట్లోకి వెళ్ళవలసి వస్తోంది. అన్నం సహించకపోవడంలో ఆశ్చర్యం లేదు. పండక్కి వచ్చిన బిడ్డలు బస్సెక్కి వెళ్ళిపోయిన రాత్రి మన పల్లెల్లో ఏ తల్లీ సరిగ్గా తినదు. అంతమాత్రాన వచ్చే పండక్కి రావద్దని ఎవరూ అనరు. అందుచేత ఆ రాత్రి దిగులును చూసి కాల్ చెరుపు చేస్తోందని తీర్మానించకండి. మిగిలిన ఆరు రోజులు ఆవిడ ఎలా ఉంటున్నారో నర్సును అడగండి, తీర్మానం దాన్నిబట్టి చేసుకుందురు.

కాల్‌ను ఆదివారం ఉదయం ఏడున్నరకు మార్చండి. మీకు అది శనివారం రాత్రి తొమ్మిది అవుతుంది. కాల్ అయిన కాసేపటికి టిఫిను వస్తుంది, పక్క మంచం ఆవిడ లేస్తుంది, పగలంతా ముందుంటుంది, “మా అమ్మాయి ఇలా అంది” అని చెప్పుకోవడానికి నలుగురు దొరుకుతారు. కాల్ ముగియగానే ఆవిడను మంచం మీద వదిలేయకుండా చక్రాల కుర్చీలో వరండాకు తీసుకువెళ్ళి టీ ఇమ్మని ఆయాను కోరండి. ఇది చాలా చిన్న కోరికే అయినా అడగనిదే ఎవరికీ తోచదు. ఇంకొక మాట. మీ అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కు తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్ళీ ముందుకు తిప్పుతారు. ఇంతకాలం మీరు మీ ఎనిమిదిన్నరనే పాటిస్తూ వచ్చి ఉంటే, చలికాలమంతా మీ అమ్మగారికి కాల్ ఎనిమిదింటికి వచ్చి ఉంటుంది. ఏడింటికి కాల్ అనుకున్న మనిషి ఆరున్నరకే చీర సర్దుకొని కూర్చుంటుంది. గంటన్నర సేపు ఫోనువైపు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించండి. గడియారం మారినప్పుడల్లా మీ వేళను మార్చుకోండి, ఆవిడ వేళను మాత్రం కదపకండి. నవంబరు నుంచి మీకు శనివారం రాత్రి ఎనిమిదికే చేయవలసి ఉంటుందని ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న: వీడియో కాల్స్ వల్ల ఒంటరితనం తగ్గుతుందా? 2020 మార్చి 25న మన దేశంలో లాక్‌డౌన్ మొదలై ఆశ్రమాల గేట్లు మూసుకున్నప్పుడు వేల కుటుంబాలు ఈ ప్రశ్ననే వేసుకున్నాయి. ఆ ఏడాది మే నెలలో, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి చూసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఈ విషయం మీద ఒక సమీక్షను ప్రచురించింది. వెతగ్గా వెతగ్గా లెక్కలోకి తీసుకోదగినవి మూడు పరిశోధనలే దొరికాయి. మూడూ తైవాన్‌లోని నర్సింగ్ హోములలో జరిగాయి, మూడింటిలో కలిపి పాల్గొన్నవారు 201 మంది. (మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే ప్రైవేటు ఆస్పత్రి, అక్కడ వృద్ధులు ఏళ్ళ తరబడి నర్సుల సంరక్షణలో ఉండే చోటు, అంటే మీ అమ్మగారు ఉన్నటువంటిది.) ఒంటరితనాన్ని కొలవడానికి వాళ్ళు 1978లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారైన 20 ప్రశ్నల కొలమానాన్ని వాడారు. మూడు నెలలకు చూసినా, ఆరు నెలలకు చూసినా, కాల్స్ అందుకున్నవారికీ అందుకోనివారికీ మధ్య ఒంటరితనంలో దాదాపు తేడా కనిపించలేదు. ఏడాదిపాటు 90 మందిని గమనించిన ఒక్క పరిశోధనలో దిగులు లక్షణాలు కొద్దిగా తగ్గినట్లు తేలింది. పరిశోధనలు చిన్నవి కనుక దేనినీ గట్టిగా చెప్పలేమని సమీక్ష రాసినవారే ఒప్పుకున్నారు.

దీన్ని మీ తమ్ముడి వాదానికి సాక్ష్యంగా తీసుకోకండి. ఆ మూడింటిలో ఒకదానిలో నియమం వారానికి కనీసం ఐదు నిమిషాల కాల్. వారంలో ఐదు నిమిషాలు మాట్లాడితే ఒక మనిషి ఒంటరితనం పోతుందని ఎవరం అనుకుంటాం? నాకు ఈ ఫలితాలలో కనిపించేది వేరు. వీడియో కాల్ మీద మనం మోయలేని బరువు పెడుతున్నాం.

రాబర్ట్ వీస్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఒంటరితనం రెండు రకాలన్నాడు. ప్రాణంలో ప్రాణమైన మనిషి దగ్గర లేకపోవడం ఒకటి. తనను ఎరిగిన, తాను ఎరిగిన నలుగురి నడుమ తనకొక చోటు లేకపోవడం రెండవది. ఒకదాని లోటు రెండవది తీర్చలేదని కూడా ఆయన చెప్పాడు. మీ అమ్మగారికి ఈ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. భర్త పోయారు, బిడ్డలు దూరం, అది మొదటిది. అరవై ఏళ్ళు కాపురం చేసిన వీధి, సాయంత్రం అరుగు మీద కూర్చునే తోటివాళ్ళు, ఎవరింట్లో కోడలు పురిటికి వెళ్ళిందో ఎవరి చేలో నాట్లు పడ్డాయో తెలిసే రోజువారీ మాటలు, ఇవన్నీ తుంటి ఎముకతోపాటు ఒక్క రోజులో పోయాయి. మీ కాల్ మొదటి లోటును కొంత పూడ్చగలదు. రెండవదాన్ని పూడ్చడం డాలస్ నుంచి మీకు సాధ్యం కాదు, రోజుకు మూడుసార్లు కాల్ చేసినా కాదు. ట్యాబ్ గురించి ఆగమన్నది ఇందుకే.

మొదటిదాని సంగతి ముందు చెబుతాను. మీ అమ్మగారికి మీ మాట వినిపిస్తోందో లేదో మీకు తెలుసా? ప్రతిసారీ ఒకే నాలుగు మాటలు అంటున్నారని మీరు రాసినది చదివినప్పుడు నాకు మొదట కలిగిన అనుమానం అదే. వయసుతో వచ్చే చెవుడులో సన్నని, పైస్థాయి ధ్వనులు ముందుగా పోతాయి. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు మగవాళ్ళ గొంతుకంటే ముందే అందకుండా పోతాయి. ఫోను స్పీకరు దాన్ని ఇంకా పలచన చేస్తుంది. వినిపించని మనిషి మళ్ళీ మళ్ళీ “ఏటి?” అని అడగడానికి సిగ్గుపడి, నవ్వుతూ తనకు తెలిసిన జవాబు చెప్పేస్తుంది. చెవుల డాక్టరుకు చూపించమనండి. ఒక్కోసారి గులిమి తీయిస్తేనే సగం బాగవుతుంది, లేకపోతే వినికిడి యంత్రం పెట్టించవచ్చు. కళ్ళలో శుక్లాలున్నాయేమో అదే వరుసలో చూపించండి. మీరు మాట్లాడేటప్పుడు వెలుతురు మీ ముఖం మీద పడేటట్లు, కిటికీ మీ వెనుక లేకుండా కూర్చోండి, పెదవుల కదలిక చూసి ఆవిడ సగం మాట పోల్చుకుంటారు. ఒక ప్రశ్న అడిగాక అయిదారు సెకన్లు ఆగండి.

ఆయా ఫోను పట్టుకోవడం మానిపించండి. ఒక స్టాండు కొని మంచం పక్కన బల్లకు బిగించమంటే సరిపోతుంది, ట్యాబ్ అయినా దానిమీదే పెట్టుకోవచ్చు. ఫోను పట్టుకున్న మనిషి చెయ్యి నొప్పెడితే కాల్ ముగిసిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: తనను రోజూ లేపి కూర్చోబెట్టే మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, ఏ తల్లయినా “ఇక్కడ నాకు బాగాలేదు” అనదు. నెలకొకసారైనా మీరిద్దరే మాట్లాడుకునే వీలు కల్పించమని ఆశ్రమం వాళ్ళను మర్యాదగా అడగండి. మంచి ఆశ్రమమైతే కాదనదు.

మాటల విషయంలో మిమ్మల్ని తప్పుపట్టాలని లేదు, దూరాన ఉన్న కూతురికి మొదట భయమే గుర్తొస్తుంది. అయినా తిన్నావా, మందు వేసుకున్నావా, మోకాలు ఎలా ఉంది అని అడిగినంతసేపూ ఆవిడ మీకు రోగిగానే జవాబు చెప్పాలి. ఆ వివరాలు నర్సును వేరుగా అడిగి తెలుసుకోండి. అమ్మను మాత్రం ఆవిడకు తెలిసి మీకు తెలియనివి అడగండి. డాలస్‌లో మీకు చలవపెట్టెలో పెట్టిన పనసపొట్టు దొరుకుతుంది. వండుతూ కాల్ చేసి, ఆవ ఎప్పుడు కలపాలో అడగండి. పొయ్యి దించకముందు కలిపితే చేదెక్కుతుందని ఆవిడ మిమ్మల్ని కేకలేస్తారు. ఆ కేకలు వేయించడం కోసమే అడగమంటున్నాను. ఎవరి పెళ్ళికి ఏం పెట్టాలి, మనవడికి చలికి ఏం పట్టించాలి, ఊళ్ళో పెరటి చెట్టు కాపు ఎవరికివ్వాలి, వీటన్నిటిలో ఆవిడ నిర్ణయం అడిగి, దాని ప్రకారం చేసి, చేశానని మరుసటి వారం చెప్పండి. నేను వెళ్ళే ఆశ్రమంలో ఒక పెద్దావిడ ఉన్నారు. కొడుకు ప్రతి నెలా ఇంటి ఖర్చు లెక్క ఆవిడకు ఫోనులో చదివి వినిపిస్తాడు. ఆ లెక్కలో ఆవిడ చేయగలిగేది ఏమీ లేదు. అయినా ఆ రోజున ఆవిడ కళ్ళజోడు తుడుచుకొని కూర్చునే తీరు వేరుగా ఉంటుంది.

విజయదశమి తరువాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను, అంటే పూజారిని చివర కూర్చోబెట్టిన పొడవాటి మాను, తిరుగుతుంది. టీవీలో చూపిస్తారు. అది మీకు మంగళవారం తెల్లవారుజాము అవుతుంది, అయినా మీ అబ్బాయిని లేపి కూర్చోబెట్టి, అమ్మ హాల్లో టీవీ ముందు ఉండగా కాల్ చేయండి. పాలధార ఏది, అంజలి రథం ఏది, తెల్ల ఏనుగు ఎందుకు, బెస్తవారి వల ఎందుకు ముందు నడుస్తుంది, పూజారి అంత ఎత్తున మాను చివర ఎలా కూర్చుంటాడు, ఆ చింతమాను ఎక్కడుందో అమ్మవారు కలలో చెబుతుందంటారు నిజమేనా అని వాణ్ణి అడగనివ్వండి. కోటకూ గుడికీ మధ్య మాను మూడుసార్లు తిరిగేవరకు మీ అమ్మగారు మాట్లాడుతూనే ఉంటారని నా నమ్మకం. పక్కనున్న ముసలమ్మలు కూడా తలో మాటా అందుకుంటారు, అదీ మనకు కావలసిందే.

వీడియో కాల్‌కు ఇంకొక లోటుంది. అది ముగిశాక చేతిలో ఏమీ మిగలదు. అందుకని కాల్‌లో చూపించిన ఫోటోలను నెలకు నాలుగైదు విజయనగరంలోనే ఏదైనా స్టూడియోలో కాగితం మీద వేయించి, పెద్దవిగా, వెనుక తెలుగులో రెండు ముక్కలు రాయించి పంపండి. అబ్బాయి చేత వంకరటింకరగానైనా “అమ్మమ్మకు” అని రాయించి ఆ ముక్క పంపండి. దిండు కింద పెట్టుకునే వస్తువు ఒకటి ఉండాలి.

ఇప్పుడు రెండవ లోటు, నా దృష్టిలో పెద్దది. చీపురుపల్లి నుంచి విజయనగరానికి బస్సులున్నాయి. మీ ఊళ్ళో అమ్మకు ఈడైనవారు, చుట్టరికం ఉన్నా లేకపోయినా ఆ అరుగు మీద కూర్చున్నవారు, ఎవరెవరున్నారో ఒక కాగితం మీద రాయండి. వారిలో నడవగలిగిన ఇద్దరు నెలకొకసారి వచ్చి వెళ్ళేటట్లు మీ మేనకోడలో పినతల్లి కొడుకో తీసుకువచ్చే ఏర్పాటు చేయండి. ఆటో ఖర్చులు మీరు పెట్టుకోండి, అయితే డబ్బు చేతికిచ్చినట్లు కాకుండా, పండక్కి చీర పెట్టినట్లు గౌరవంగా పెట్టుకోండి. రాలేనివారు మామూలు ఫోనులో మాట్లాడినా చాలు. తన యాసలో, తన ఊరి కబుర్లు చెప్పే గొంతుకు బొమ్మ అవసరం లేదు. వీడియో కాల్ కంటే ఆ మామూలు కాలే ఆవిడకు ఎక్కువ ఊరటనిస్తే మీరు నొచ్చుకోవద్దు.

ఆశ్రమంలోనూ ఒకరితో స్నేహం కుదరాలి. ఎవరి పక్కన కూర్చుంటే అమ్మ మాట్లాడుతున్నారో నర్సుకు తెలిసే ఉంటుంది. భోజనాల దగ్గర ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టమనండి. మీరు కాల్ చేసినప్పుడు ఆ స్నేహితురాలిని కూడా పేరు పెట్టి, పిన్ని అనో అత్తా అనో వరుస కలిపి పలకరించండి. ఆవిడ పిల్లలు ఎవరూ ఫోను చేయనివారైతే మరీ తప్పనిసరిగా పలకరించండి. మీ కాల్ మీ అమ్మగారికి ఒంటరిగా దాచుకోవలసిన వస్తువు కాకుండా, పక్కవారికి పంచిపెట్టుకోగలిగిన వస్తువైతే, అది ముగిశాక గోడవైపు తిరిగి పడుకోవలసిన అవసరం తగ్గుతుంది.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. బెంగళూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు విజయనగరంలో దిగవచ్చు. మూడు నెలలకొకసారి అతను రెండు రోజులు వచ్చి, అమ్మను చక్రాల కుర్చీలో కారెక్కించి ఊరికి తీసుకువెళ్ళి, ఆ అరుగు ముందు ఒక పూట కూర్చోబెట్టి తీసుకురావాలి. కాల్స్ తగ్గించాలన్న అతని మాట వెనుక అమ్మ కన్నీళ్ళు చూడలేని బాధ ఉందని నేను అర్థం చేసుకోగలను. ఆ బాధకు పని చూపించండి.

బంధువుల మాటకు మీరు జవాబు చెప్పనక్కరలేదు. మనిషి సాయం లేనిదే లేవలేని తల్లిని తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఉంచకుండా, నర్సులున్న చోట ఉంచడం పడేయడం కాదు. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం కూడా పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని చెప్పింది. అవన్నీ మీరిద్దరూ అమరుస్తున్నారు. అన్నవారిలో ఒకరిద్దరిని అమ్మను చూసి రమ్మని మీరే అడగండి. వెళ్ళేవారు వెళ్తారు, మీ జాబితాలో ఇద్దరు పెరుగుతారు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. కాల్ అయిన రాత్రే కాకుండా రెండు వారాలకు పైగా వరుసగా తిండి తగ్గినా, నిద్ర పట్టకపోయినా, ఇదివరకు ఇష్టపడినవాటిమీద కూడా ఆసక్తి పోయినా, “నేనెందుకు ఉన్నాను” వంటి మాటలు వచ్చినా, అది ఒంటరితనం దాటి డిప్రెషన్ అయి ఉండవచ్చు. దానికి మందులున్నాయి, ఈ వయసులోనూ పనిచేస్తాయి. మానసిక వైద్యులకు చూపించమని ఆశ్రమానికి చెప్పండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు అమ్మ దగ్గర ఉన్నవారు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే సలహా తీసుకోవచ్చు. మిమ్మల్ని పోల్చుకోవడంలో తడబడుతున్నా, కాల్ అయ్యాక మీరు గదిలోనే ఉన్నారనుకొని వెతుకుతున్నా అది మతిమరపు జబ్బుకు సూచన కావచ్చు. అప్పుడు వీడియో కంటే గొంతు, ఫోటోలు మేలు, ఆ సంగతి కూడా వైద్యులకు చెప్పండి.

రెండు నెలలు ఇలా చేసి చూశాక, బుధ, గురువారాల్లో అమ్మ ఎలా ఉంటున్నారో నర్సును అడగండి. వరండాలోకి తమంతట తామే తీసుకువెళ్ళమంటున్నారా, ఎవరితోనైనా తగవు పడుతున్నారా, మీకు చెప్పాలని ఏదైనా గుర్తుపెట్టుకుంటున్నారా అని అడగండి. వారం మధ్యలో కూడా మీతో మాట్లాడాలని ఆవిడే కోరితే అప్పుడు ట్యాబ్ కొని, రెండో కాల్‌కు బుధవారం ఉదయం ఏడున్నర ఖాయం చేయండి. ఆ వేళ కూడా మీకు కుదిరేదో కాదో ముందే చూసుకోండి, ఒకసారి మాటిచ్చాక తప్పకూడదు. ఈ వారానికి మాత్రం, వేళ మారిందని శుక్రవారమే నర్సుకు ఫోను చేసి అమ్మకు చెప్పించండి. లేకపోతే ఆదివారం సాయంత్రం ఆవిడ మళ్ళీ చీర సర్దుకొని కూర్చుంటారు.